మూడు చుక్కల గ

“మీ బ్రౌజర్ నా లాగ్మీని ముక్కలు చేసింది.”

ఫిర్యాదుకు పెట్టిన పేరు అది. దొర్సాఫ్ రెండుసార్లు చదివి, నవ్వు ఆపుకోలేక కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

నౌరస్ బ్రౌజర్‌కు ఫిర్యాదులు కొత్త కాదు. అదేమీ పెద్ద కంపెనీ సరుకు కాదు. పన్నెండు మంది తలో ఊళ్లో కూర్చుని, చేసే ఉద్యోగాలు చేసుకుంటూనే నడిపిస్తున్న పని. దొర్సాఫ్ అరబీ మాట్లాడే గాబెస్ ఊళ్లో వారానికి మూడు రోజులు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతుంది, మిగతా రోజులు నౌరస్‌లో బగ్గులు పడుతుంది. బొమ్మ వంకరగా వస్తోందనో, పేజీ తెరుచుకోవడం లేదనో జనం ఫ్రెంచిలోనో ఇంగ్లీషులోనో మర్యాదగా రాస్తుంటారు. ఇది మాత్రం అచ్చం గాబెస్ బజారులో అరిచినట్టు, నోటికొచ్చిన మాట వచ్చినట్టే రాసి ఉంది. కింద ఒక ఫొటో. తెరను కాగితం మీద అచ్చు తీసి, ఎర్ర పెన్నుతో బాణాలు గీసి, ఆ కాగితాన్ని మళ్లీ ఫోనుతో ఫొటో తీశారు.

లాగ్మీ అంటే ఖర్జూరపు చెట్టు తల గీసి దించే నీరా. తెల్లారి తాగితే తేనె, మధ్యాహ్నానికి పులిసి కల్లు. ఆ మాటలో మధ్యనున్న ‘గ’ అరబీ బడిలో నేర్పే అక్షరం కాదు. రెండు చుక్కల ఖాఫ్ అనే అక్షరం మీద ఇంకో చుక్క వేసి మూడు చుక్కలు చేసి, ఈ ప్రాంతంవాళ్లు తమ నోటికోసం కల్పించుకున్నది. పక్క అక్షరంతో చెయ్యి కలిపి రావలసిన ఆ గ, ఫొటోలో ఒంటరిగా నిలబడి ఉంది. మన రాతలో ఒత్తు జారిపోయి పక్కన కూలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

దొర్సాఫ్ తన కంప్యూటర్లో అదే మాట కొట్టి చూసింది. గ బుద్ధిగా చెయ్యి కలిపింది. మాట ఒక్క గీతగా వచ్చింది.

“నా దగ్గర బాగానే ఉంది” అని రాసి ఫిర్యాదు మూసేయొచ్చు. ఆ వృత్తిలో అందరి నోటా తిరిగే మాటే అది. కానీ ఆమెకు మనసు ఊరుకోలేదు. బెజాయాలో ఉండే ఇదీర్‌కు ఫోన్ చేసింది. కొత్త నౌరస్‌ను సిద్ధంచేసి లోకానికి విడుదల చేసే పని అతనిది.

“ముసలాయన ఫాంటు పాడై ఉంటుంది. మూసెయ్,” అన్నాడు ఇదీర్.

“ముసలాయనని నీకెవరు చెప్పారు?”

“ఎర్ర పెన్నుతో బాణాలేసి, ఫొటోకి ఫొటో తీసి పంపేది ఇంకెవరమ్మా? శుక్రవారం విడుదల ఉంది నాకు. ఊపిరి తీసుకోనివ్వు.”

“ఇదీర్, ఆయనది షెనినీ అట. పక్కనే. ఒకసారి చూసొస్తా.”

“ఒక అక్షరం కోసం టాక్సీ ఎక్కుతావా?”

“ఎక్కుతా.”

“నీకు బగ్గు పోతే చాలదు కదా. దాని తాతముత్తాతల పేర్లు కూడా కావాలి,” అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె వెళ్లేసరికి తొమ్మిది కూడా కాలేదు. తోటల మధ్య కాలువ పక్కన ఇల్లు. తలుపు తీసింది ఫిర్యాదు రాసిన మనిషే. పేరు లారూసీ, మర్యాదగా పిలిస్తే సీ లారూసీ. డెబ్భై దాటినవాడు, నిలువుగా సన్నగా, చెవి మీద నిజంగానే ఎర్ర పెన్ను. ముప్పై ఆరేళ్లు పోస్టాఫీసుల్లో ఉత్తరాలు విడదీసి, రిటైరయ్యాడు.

“నువ్వేనా విరగ్గొట్టింది?” అన్నాడు గుమ్మంలోనే.

“నేను కాదు, సీ లారూసీ. ఎవరు విరగ్గొట్టారో చూద్దామనే వచ్చాను.”

“ఎవరు కొట్టినా మీ ఇంట్లోవాళ్లేగా. రా, కూర్చో. మాట విరిగింది కానీ గ్లాసులోది ఇంకా విరగలేదు. ముందు తాగు.”

ఆయన భార్య ముబారకా, పెద్దావిడ గనుక అందరికీ లల్లా, చల్లటి లాగ్మీ, రొట్టె, ఒలివ్ నూనె తెచ్చి ముందు పెట్టింది. తాగుతూ ఉండగానే లారూసీ కంప్యూటరు మీద కప్పిన కుట్టుపని గుడ్డ తీసి, నౌరస్‌లో రాసుకుంటున్న తన పుస్తకం తెరిచి చూపించాడు. తోట మాటల పుస్తకం. ఖర్జూరపు చెట్టులో ఏ మట్టను ఏమంటారు, కాలువ నీళ్ల వంతును ఏమంటారు, ఎక్కేటప్పుడు నడుముకు చుట్టే తాడు ముడిని ఏమంటారు. పదమూడు వందల నలభై మాటలు, ఒక్కొక్కటీ ఒంటి వేలితో కొట్టినవి.

“వీటిలో సగానికి పైగా మాటల్లో మూడు చుక్కల గ ఉంది. సగం పుస్తకం కుంటుతోంది చూడు,” అన్నాడు.

“మామూలుగా అందరూ ఖాఫ్‌తోనే రాసి గ అని చదువుకుంటారు కదా?” దొర్సాఫ్ ఊరికే అడిగింది.

“ఇక్కడ పుట్టినవాళ్లు చదువుతారు. నా మనవరాలు మార్సెయిల్‌లో పుట్టింది. అది రాసింది రాసినట్టే చదువుతుంది. పోయిన వేసవిలో వచ్చి ‘తాతా, లాఖ్మీ ఇవ్వు’ అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అందుకే ప్రతి గకీ లెక్కపెట్టి మూడు చుక్కలు పెట్టాను.”

“ఇలా ఎప్పటినుంచి వస్తోంది?”

“ఫిబ్రవరి పద్దెనిమిది. ఆ రోజు మీ బ్రౌజర్ కొత్తది వేసుకోమని అడిగింది. వేసుకున్నా. అంతే.”

తేదీతో సహా చెప్పే ఫిర్యాదీ దొరకడం అదృష్టం. దొర్సాఫ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆయన దగ్గరున్న నౌరస్‌లో గ విడిపోయి వస్తోంది. ఫాంటు బాగానే ఉంది. ఆమె సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి, తన ఇంట్లో తయారైన నౌరస్‌ను పక్కనే పెట్టి తెరిచింది. అదే పేజీ, అదే మాట, అదే ఫాంటు. గ చెయ్యి కలిపింది.

“అల్లాహ్!” అన్నాడు లారూసీ. “మంత్రమేమన్నా వేశావా?”

“లేదు. రెండూ ఒకటే నౌరస్. విడుదల అంకె కూడా ఒకటే. అదే నాకూ అంతుపట్టడం లేదు.”

“ఒకటే అయితే రెండు రకాలుగా ఎలా వస్తుంది?” అంది ముబారకా, గ్లాసులు తీస్తూ.

“ఎలా చెప్పాలి లల్లా... మేం రాసే కోడ్ వంట చెప్పే కాగితంలాంటిది. కాగితాన్నే తినలేం కదా. దాన్ని చదివి యంత్రం వండుతుంది. ఆ వండడాన్నే బిల్డ్ అంటాం. కాగితం ఒకటే. మా ఇంట్లో వండితే ఒకలా, బెజాయాలో మావాడు వండితే ఇంకోలా వచ్చింది.”

“దానికింత ఆశ్చర్యం దేనికమ్మా? మా చెల్లెలు నా చేతికిందే కుస్కుసు నేర్చుకుంది. ఒక్కనాడైనా నా కుస్కుసులా రాలేదు. దాని ఊరి నీళ్లు వేరు.”

దొర్సాఫ్ ఆమె వంక ఒక క్షణం అలాగే చూసింది. తప్పు కోడ్‌లో వెతకకూడదు. రెండు ఇళ్ల నీళ్లలో తేడా ఏమిటో వెతకాలి.

తన లాప్‌టాప్ తీసి ఆ బల్ల మీదే పెట్టుకుంది. రెండు నౌరస్‌లనూ విప్పి, ముక్క ముక్క పక్కపక్కన పరిచింది. లారూసీ కళ్లజోడు సవరించుకుని ఆమె భుజం వెనక నిలబడ్డాడు. పొమ్మని ఆమె అనలేదు, ఆయనా కదల్లేదు.

అరగంటకు దొరికింది. ఏ అక్షరం ఎటువైపు చెయ్యి కలుపుతుందో చెప్పే పట్టిక ఒకటి ఉంది. బిల్డ్ జరిగే ప్రతిసారీ యంత్రం ఆ పట్టికను వరుసగా పేర్చి లోపల పెడుతుంది. రెండింట్లోనూ వరుసల సంఖ్య ఒకటే. ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు. కానీ విడుదలైన దాంట్లో ఐదు వరుసలు తమ చోట్లు వదిలి, ఆ గుంపు చివరకు పోయి కూర్చున్నాయి. వాటిలో ఒకటి మూడు చుక్కల గ.

“అయితే ఏం? ఉంది కదా,” అన్నాడు లారూసీ.

“ఉంది. కానీ నౌరస్ మొత్తం పట్టిక చదవదు. అంత తీరిక దానికి లేదు. వరుసలో ఉందన్న నమ్మకంతో మధ్యలో తెరుస్తుంది, ముందుకో వెనక్కో పోతుంది. ఉండాల్సిన చోట లేకపోతే...”

“లేదనుకుని పోతుంది,” అని ఆయనే పూర్తిచేశాడు. “ఇంతేనా! ఇది నాకు తెలుసు బిడ్డా. నేనొక చిన్న ఊళ్లో పనిచేసేటప్పుడు కొత్త ఇన్‌స్పెక్టరు ఒకడొచ్చాడు. అప్పటిదాకా బెన్ సాలిమ్ అంటే బెన్ వదిలేసి, సాలిమ్ చూసి స గూట్లో పెట్టేవాళ్లం. ఆయనేమో బెన్‌లన్నీ బ గూట్లో పెట్టాలన్నాడు. పొద్దున విడదీసేవాళ్లకి చెప్పాడు. సాయంత్రం పంచేవాళ్లకి చెప్పలేదు. నెల్లాళ్లు సగం ఊరికి ఉత్తరాల్లేవు. ఉత్తరాలు ఎక్కడికీ పోలేదు, గూట్లోనే ఉన్నాయి. వెతికేవాడి చెయ్యి అటు పోలేదంతే.”

“మరి ఎలా తెలిసింది?”

“పెళ్లి శుభలేఖ అందలేదని ఒక పెళ్లికూతురి మేనమామ కర్రతో వచ్చాడు.”

దొర్సాఫ్ పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఆ ఐదు వరుసల మీదికి వంగింది. మూడు వందల పైచిలుకు వరుసల్లో ఈ ఐదే ఎందుకు కదిలాయి? ప్రతి అక్షరానికి యంత్రం ఒక గుర్తు సంఖ్య ఇచ్చుకుంటుంది. అందులో అంకెలతో పాటు ఇంగ్లీషు అక్షరాలూ ఉంటాయి. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. పట్టికలో మిగతా గుర్తులన్నీ పెద్దబడిలో, అంటే క్యాపిటల్ అక్షరాల్లో ఉన్నాయి. ఈ ఐదూ చిన్నబడిలో.

ఫ్రెంచి తెలిసిన యంత్రం పేర్చేటప్పుడు చిన్నబడినీ పెద్దబడినీ పక్కపక్కనే పెడుతుంది, మనిషి చేసినట్టే. ఏ భాషా చెప్పని యంత్రానికి ఆ తెలివి ఉండదు. దాని లెక్కలో పెద్దబడి అంతా ముందు, చిన్నబడి అంతా వెనక. దొర్సాఫ్ యంత్రం ఫ్రెంచిది.

ఫోన్ తీసి, స్పీకర్‌లో పెట్టి, బల్లమీద ఉంచింది.

“ఇదీర్, మన విడుదల సర్వర్ ఏ భాషలో ఉంది?”

“సర్వర్‌కి భాషేంటి? పొద్దున్నే ఏం తాగావు?”

“లాగ్మీ. చూసి చెప్పు.”

కీబోర్డు చప్పుడు వినిపించింది.

“ఖాళీ,” అన్నాడు చివరకు. “ఏ భాషా లేదు. పాతది నా లాప్‌టాప్‌కి నకలు, అందులో ఫ్రెంచి ఉండేది. కొత్త సర్వర్‌కి మారినప్పుడు పెట్టలేదన్నమాట.”

“ఎప్పుడు మారావు?”

“ఫిబ్రవరిలో... పదిహేనా, ఇరవయ్యా...”

“పద్దెనిమిదికి ముందే!” అని గట్టిగా అరిచాడు లారూసీ.

“ఎవరది?”

“ముసలాయన,” అన్నాడు లారూసీ.

అవతల ఇదీర్ గొంతు సవరించుకున్నాడు. దొర్సాఫ్ జరిగినదంతా చెప్పింది. అతను మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. విని, కోపమంతా ఆ ఐదు వరుసల మీదికి మళ్లించాడు.

“పెద్దబడిలో రాయాలని నియమం ఉంది కదా! ఆ ఐదూ చిన్నబడిలో రాసిన గాడిద ఎవడో చూడు. పేరు చెప్పు.”

దొర్సాఫ్‌కు అదే కావాలి. కోడ్‌లో ఏ వరుస ఎవరు ఎప్పుడు రాశారో చరిత్ర అంతా భద్రంగా ఉంటుంది. తవ్వుకుంటూ వెనక్కి వెళ్లింది.

“పదకొండేళ్ల కిందటిది. అసలు పేరు లేదు, మారుపేరు. ‘గెన్జెత్ పంతొమ్మిది’ అని ఉంది. ఎవరో ఏమో. ఒక్కసారే వచ్చాడు, ఈ ఐదు వరుసలు పెట్టి వెళ్లిపోయాడు.”

లైను తెగిందేమోనని ఆమె ఫోన్ వంక చూసింది.

“ఇదీర్?”

“ఆ గాడిద నేనే,” అన్నాడు.

లారూసీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“గెన్జెత్ మా అమ్మమ్మ ఊరు,” ఇదీర్ గొంతు తగ్గింది. “నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఊరి పేరులో మొదటి అక్షరమే ఈ గ. నౌరస్‌లో అది ఎప్పుడూ పక్కదానితో కలిసేది కాదు. మా అమ్మమ్మకి ఫోటోలు చూపిద్దామని ఊరి పేజీ ఒకటి చేశా. ఆవిడకి చదవడం రాదు, అయినా చూసి, ‘ఈ అక్షరమేంట్రా ఇలా ఎడంగా నిలబడింది, అలిగిందా?’ అంది. అది సరిచేద్దామనే మొదటిసారి ఈ కోడ్ తెరిచా. తర్వాత వేరే పేరుతో వచ్చి ఇక్కడే ఉండిపోయా. ఆ వరుసలు చిన్నబడిలో రాశానని నాకు గుర్తే లేదు.”

“మరి మిగతా నాలుగు?”

“అవి ఎవరివో ఇప్పటికీ తెలీదు. గ పెట్టడానికి వెళ్తే, పక్కన ఈ నాలుగూ లేకుండా కనబడ్డాయి. ఎవరికో అవసరం ఉంటుంది కదా అని పెట్టేశా.”

ముబారకా వంటింట్లోంచి, “ఆ అబ్బాయి మంచివాడిలా ఉన్నాడే. పెళ్లయిందా?” అంది. ఇదీర్‌కు వినబడింది. అయిందనీ, ఇద్దరు పిల్లలనీ చెప్పుకున్నాడు.

ఆ తర్వాత వాదన మొదలైంది. ఐదు గుర్తులనూ పెద్దబడిలోకి మార్చి శుక్రవారమే విడుదల చేసేద్దామని ఇదీర్. అది చాలదని దొర్సాఫ్. పట్టికను యంత్రం భాషను బట్టి కాక, సంఖ్యల విలువను బట్టే పేర్చాలి. వరుస తప్పితే బిల్డ్ అక్కడికక్కడే ఆగిపోవాలి. ఇకముందు ప్రతి విడుదలనూ వేరువేరు యంత్రాల మీద రెండుసార్లు బిల్డ్ చేసి, రెండూ ఒకటేనా అని సరిపోల్చాలి.

“దానికి నెల పడుతుంది!” అన్నాడు ఇదీర్.

“పట్టనీ. ఇవాళ ఒక అక్షరం దొరికింది. దొరకనివి ఎన్నున్నాయో నీకు తెలుసా?”

“సీ లారూసీ, మీరే చెప్పండి,” అన్నాడు ఇదీర్. “మీకు శుక్రవారం కావాలా, నెల తర్వాత కావాలా?”

“శుక్రవారం,” అన్నాడు లారూసీ, రెప్ప వేయకుండా.

దొర్సాఫ్ తెల్లబోయి ఆయన వంక చూసింది.

“ఏం బిడ్డా అలా చూస్తావు? నా మనవరాలు జూన్‌లో వస్తుంది. నీ రెండు యంత్రాల పెళ్లిచూపులు తర్వాత తీరిగ్గా చేసుకో.”

అలాగే జరిగింది. పట్టికను సంఖ్యల ప్రకారం పేర్చడమూ, వరుస తప్పితే ఆపడమూ ఆమె రెండు రోజుల్లో ముగించింది. శుక్రవారం విడుదలైంది. మధ్యాహ్నం ప్రార్థన ముగించుకుని వచ్చి లారూసీ కొత్తది వేసుకున్నాడు. ఈసారి పంపిన ఫొటోలో బాణాల్లేవు. లాగ్మీ అన్న మాట చుట్టూ ఎర్ర పెన్నుతో ఒక సున్నా, కింద “అందింది” అన్న ఒక్క మాట, తేదీ, సంతకం.

విడుదలతో పాటు వచ్చిన కాగితంలో దొర్సాఫ్ ఐదు అక్షరాలనూ బొమ్మలతో సహా వేసి, మీలో ఇవి ఎవరివైనా అయితే దయచేసి రాయండి అని చివర చేర్చింది. పది రోజుల తర్వాత సింధ్‌లోని షికార్‌పూర్ నుంచి మహతాబ్ అనే టీచరమ్మ రాసింది. ఐదింటిలో ఒకటి వాళ్ల ‘క’ అట. ఏ వాక్యం రాసినా అది లేకుండా కుదరదట. ఫాంటు పాడైందనుకుని బడిలో పదకొండు కంప్యూటర్లకు రెండేసిసార్లు ఫాంటు ఎక్కించారట. చివరకు విసిగి, వేరే బ్రౌజర్‌కు మారిపోయారట. “ఎవరికి రాయాలో తెలియలేదు,” అని ఉంది ఉత్తరంలో. దొర్సాఫ్ ఆ ముక్కను ఇదీర్‌కు చదివి వినిపించింది. అతను ఏమీ హాస్యమాడలేదు. మర్నాటి నుంచి రెండు యంత్రాల పని గురించి అతనే ఫోన్ చేయసాగాడు.

ఆ పని నెల కాదు, ఐదు వారాలు పట్టింది. మొదటి సరిపోలికలో పంతొమ్మిది తేడాలు బయటపడ్డాయి. ఒకచోట బిల్డ్ జరిగిన గంట, నిమిషం లోపల అచ్చయిపోతున్నాయి. ఇంకోచోట బిల్డ్ చేసిన కంప్యూటర్లోని ఫోల్డరు పేరు నౌరస్ కడుపులో చేరిపోతోంది. దొర్సాఫ్ ఆ ఫోల్డరుకు తన పిల్లి పేరు పెట్టుకుంది. “గాబెస్‌లో బిల్డ్ చేసి విడుదల చేసి ఉంటే నీ పిల్లిని లోకమంతా దించుకునేదన్నమాట,” అన్నాడు ఇదీర్. ఒక తేడా దగ్గర తొమ్మిది రోజులు ఇరుక్కున్నారు. ఫైళ్లను డిస్కు ఏ వరుసలో అందిస్తే ఆ వరుసలోనే అతికిస్తున్న పాత స్క్రిప్టు అది. అంతా విప్పి మళ్లీ రాస్తే బిల్డ్ నలభై నిమిషాల నుంచి ఇరవై ఆరుకు దిగింది. దాని కోసం ఎవరూ ప్రయత్నించలేదు. ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి దొర్సాఫ్ ఇంకో రెండు రోజులు కూర్చుంది.

మే చివర ఒక మధ్యాహ్నం రెండు యంత్రాలూ బిల్డ్ ముగించాయి. బిల్డ్ అయినదాన్నంతా కూడి తేల్చే పొడుగాటి గుర్తు ఒకటుంటుంది, అరవై నాలుగు అక్షరాలది. లోపల ఒక్క చుక్క తేడా ఉన్నా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. సరిచూసే పని యంత్రమే చేసి పెడుతుంది. అయినా ఇద్దరికీ నోటితో చదవాలనిపించింది. గాబెస్‌లో ఒకటి ఆమె చదివితే, బెజాయాలో తర్వాతది అతను చదివాడు.

“ఏడు.”

“సి.”

“సున్నా.”

“సున్నా.”

“నాలుగు.”

నలభై దాటాక ఇద్దరి గొంతూ తగ్గింది. అరవైకి వచ్చేసరికి ఇదీర్ లేచి నిలబడ్డట్టున్నాడు, కుర్చీ కిర్రుమంది. చివరి అక్షరం అతని వంతు.

“ఎఫ్,” అన్నాడు.

దొర్సాఫ్ తన తెరమీద చూసుకుంది. ఎఫ్.

అవతల ఇదీర్ చప్పట్లు కొట్టాడు. అతని పిల్లలు, ఎందుకో తెలియకపోయినా, వాళ్లూ కొట్టారు. దొర్సాఫ్ వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, ఒక నిమిషం అలాగే ఉండిపోయింది. తర్వాత కళ్లు తెరిచింది.

“ఇదీర్, మన రెండు యంత్రాలూ ఒకే రకం చిప్పువి కదా?”

“ఔను. అయితే?”

“వేరే రకం దానిలో చేస్తే ఏమవుతుందంటావ్?”

ఇదీర్ ఫోన్ పెట్టేశాడు. ఆమె టీ కాచుకుందామని లేచింది. నీళ్లు ఇంకా మరగకముందే ఫోన్ మోగింది.

“ఏ రకం?” అన్నాడు.